గడువు దాటిన పిదప: డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు బహిరంగలేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాలు మహాశయులకు,

ప్రతి సంవత్సరమును చలిగాలి తిరుగు దినములలో, మొదటి సెమిస్టరు పరీక్షల రుసుము కట్టించుకొను హడావుడి మీ కార్యాలయములలో నడచుచుండగా, గుమస్తాగారి బల్ల ముందఱ ఒకరిద్దఱు విద్యార్థులు చేత కాగితముల కట్ట పట్టుకొని నిలువబడి, అడుగవలెనని వచ్చియు అడుగుటకు బెదరుచు, తమ వంతు వచ్చినను ప్రక్కకు తొలగి వెనుకవారికి చోటిచ్చుచు కనబడుదురు. వారు అడుగదలచినది మెరిట్ స్కాలర్‌షిప్పును గూర్చి. వారికి సాధారణముగా లభించు సమాధానము, “గడువు అయిపోయింది” అన్న మాట. అది అసత్యము కాదు. గడువు నిజముగనే దాటియుండును, గుమస్తాగారు దానిని ముందునకు జరుపజాలరు, మీరును జరుపజాలరు. కాని ఆ ఒక్క మాటతో సంభాషణ ముగిసి, ఆ విద్యార్థి కాగితముల కట్టను మడచి సంచిలో పెట్టుకొని వెడలిపోవుట న్యాయము కాదనియు, ఆ మాట వెనువెంట చెప్పవలసిన మాటలు ఎన్నియో కలవనియు, వానిని చెప్పగల అధికారమును బాధ్యతయు మీకే కలవనియు దృఢముగా నమ్మి ఈ లేఖ వ్రాయుచున్నాను.

ఢిల్లీలోని మంత్రిత్వశాఖవారికి వ్రాయరాదా యని మీరు అడుగవచ్చును. వారికి విన్నవింపవలసినదియు ఒకటి కలదు. దానిని కడపట చెప్పెదను. అయినను గడువు దాటిన మరునాడు ఆ విద్యార్థి వచ్చి నిలువబడునది మంత్రిత్వశాఖ ద్వారమున గాదు, మీ ద్వారమున. పదునెనిమిదేండ్ల యా బాలునకుగాని బాలికకుగాని ప్రభుత్వమనగా మీ కళాశాల కార్యాలయమే. అందుచేత ముందుగా మీకు వ్రాయుచున్నాను.

నేను ప్రధానముగా ఉద్దేశించునది, కళాశాల విద్యార్థులకై కేంద్రప్రభుత్వమువారు 2008 నుండి నడుపుచున్న సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్పు. దేశమంతటికిని ఏటేట 82,000 నూతన ఉపకారవేతనములు ఈ పథకమున కలవు. వానిలో సగము బాలికలవి. 18 మొదలు 25 ఏండ్ల వయసుగల జనసంఖ్యను బట్టి వానిని రాష్ట్రములకు పంచి, ఒక్కొక్క రాష్ట్రమునకు వచ్చిన వానిని సైన్సు, కామర్సు, ఆర్ట్సు విద్యార్థులకు 3:2:1 నిష్పత్తిలో కేటాయింతురు. తన గ్రూపులో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన వారందఱిలోను 80వ పర్సెంటైలునకు పైనుండి, కుటుంబ వార్షికాదాయము నాలుగున్నర లక్షలకు మించక, రెగ్యులర్ కోర్సున చేరినవారు దీనికి అర్హులు. డిగ్రీ చదువు మూడేండ్లును ఏటికి 12,000 రూపాయలు, పీజీలో 20,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలోనికే నేరుగా వచ్చును. ఏటేట నూటికి 50 మార్కులు, 75 వంతుల హాజరు ఉన్నయెడల ఇది పునరుద్ధరింపబడుచుండును.

ఇచ్చట ఒక మాట ఆగి చెప్పవలసియున్నది. 80వ పర్సెంటైలు అనగా నూటికి 80 మార్కులని తలచి, తనకు అర్హత కలదని తెలియకయే దరఖాస్తు పెట్టనివారును, తనకు 85 మార్కులు వచ్చినవి గనుక వేతనము తప్పక వచ్చునని నిశ్చింతగా ఉండి పిదప నిరాశపడినవారును మన కళాశాలలలో కొల్లలుగా ఉన్నారు. పర్సెంటైలన్నది మార్కుల శాతము కాదు. ఉత్తీర్ణులైన నూఱుమందిలో ఎనుబదిమంది కంటె పైన నిలుచుట. ఒక సంవత్సరము ఒక గ్రూపున ఆ హద్దు 90 మార్కులకు పైన పడవచ్చును, మఱియొక గ్రూపున అంతకు చాల దిగువను పడవచ్చును. ఈ మాటను మొదటి సంవత్సరపు తరగతి గదిలో ఒక అధ్యాపకుడు నల్లబల్లపై వ్రాసి చూపుటకు పావుగంట చాలును. ఇంటర్మీడియట్ బోర్డువారు అర్హుల పట్టికను ప్రకటించినప్పుడు దానిని తెచ్చి, తమ కళాశాలలో చేరినవారి పేర్లకు క్రింద గీత గీసి నోటీసుబోర్డున అంటించు కళాశాలలు లేకపోలేదు. అట్టిచోట్ల గడువు దాటినవారి సంఖ్య స్వల్పము. అట్లు చేయని చోట్ల పిల్లలకు ఈ పథకము సంగతి సీనియర్ల నోటనో, నెట్ సెంటరు గోడమీది కాగితము వలననో, అదియును ఆలస్యముగానో తెలియును.

ఏటికి పండ్రెండు వేలు అనగా నెలకు వేయి రూపాయలు. ఆర్జించువారికి అది అల్పముగా తోచవచ్చును. పల్లెనుండి బస్సుపై వచ్చి చదువుకొను బాలికకు బస్సుపాసు, పరీక్షరుసుము, ప్రాక్టికల్ రికార్డులు, రెండు మూడు పాఠ్యపుస్తకములు, ఆపైన మధ్యాహ్నమున ఆకలియైనప్పుడు క్యాంటీనులో ఇంత తినుటకు కావలసిన చిల్లర, ఇవన్నియు ఆ వేయి రూపాయలలో ఉన్నవి. అంతకంటెను ముఖ్యమైనది మఱియొకటి కలదు. “నా చదువునకు ఇంటినుండి మీరు ఏమియు పెట్టనక్కఱలేదు” అని తండ్రితో చెప్పగల ధైర్యము ఆ సొమ్ములో ఉన్నది. సంబంధములు చూచుచున్నామని పెద్దలు తొందరపడు ఇండ్లలో ఆ ధైర్యము ఒక ఆడపిల్లను ఎంతకాలము కళాశాలలో నిలుపగలదో మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఇక గడువు ఎట్లు దాటుచున్నదో చూతము. పెద్దలలో ఎక్కువమంది మొదట అనుమానించునది పిల్లల నిర్లక్ష్యమును. సెల్‌ఫోనులో గంటలకొలది కాలము గడపువారికి దరఖాస్తు పెట్టుటకు తీరిక లేకపోయెనా యని గద్దింతురు. నిర్లక్ష్యము ఎక్కడను లేదని నేననను. కాని నాకు దగ్గఱగా తెలిసిన యొక బాలిక సంగతి వినుడు. అనంతపురము వైపు మండలకేంద్రమొకదానిలో ఆమె బైపీసీ చదివి మంచి మార్కులతో ఉత్తీర్ణురాలై, చేరువనున్న పట్టణములో బీయస్సీలో చేరినది. తలిదండ్రులు బెంగుళూరునకు కట్టడపు పనులకై వలసపోయినవారు. ఆమె అవ్వ దగ్గఱ ఉండి చదువుకొన్నది. ఆమె ఆధార్‌కు జతపఱచిన ఫోను నెంబరు తండ్రిది. ఈమె నెట్ సెంటరున కూర్చుండి దరఖాస్తులో ఆధార్ సంఖ్య కొట్టగనే ఓటీపీ బెంగుళూరు పోవును. అప్పుడు తండ్రి పరంజాపై ఉండును. ఫోను క్రింద రేకులషెడ్డులో ఛార్జింగునకు పెట్టబడి యుండును. ఆయన దిగివచ్చి, ఫోను చూచుకొని, అంకెలు చదివి చెప్పునప్పటికి ఆ ఓటీపీ కాలము తీరిపోవును. ఇట్లు సాయంకాలములు కొన్ని వ్యర్థముకాగా, ఆయన ఒకనాడు పనికిపోక, ఆనాటి కూలి పోగొట్టుకొని, ఫోను చేతబట్టుకొని కూర్చుండిన పిదప ఆ దరఖాస్తు గడువులోపలనే పూర్తియైనది. నెట్ సెంటరువాడు ముద్రించి యిచ్చిన కాగితమును ఆమె దేవుని పటము వెనుక దాచుకొన్నది.

అంతటితో తన పని ముగిసినదని ఆమె తలచినది. అట్లు తలచుట సహజమే. కాని ఇంటర్మీడియట్ మార్కుల మెమోలో ఆమె ఇంటిపేరు తొలి యక్షరముగా మాత్రమే ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉన్నందున, ఆ దరఖాస్తును లోపముకలదిగా గుర్తించి సవరణకై త్రిప్పి పంపిరి. ఆ సమాచారము ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్సుగా తండ్రి ఫోనునకు పోయి, రీఛార్జి ప్రకటనల నడుమ చదువబడక పడియుండెను. సవరణకిచ్చిన దినములును గడచిపోయెను. సంక్రాంతి సెలవుల తరువాత ఆమె కళాశాల కార్యాలయమునకు పోయి, సొమ్ము ఎప్పుడు పడునని అడిగినప్పుడు, గడువు అయిపోయినదని సమాధానమొచ్చెను. ఈ కథలో నిర్లక్ష్యము ఎవ్వరిది? ఒకనాటి కూలి వదలుకొన్న తండ్రిదా? కాగితమును భద్రముగా దాచుకొన్న బిడ్డదా? త్రిప్పి పంపిన దరఖాస్తుల పట్టిక కళాశాలవారి లాగిన్‌లో కనబడుచుండగా, ఆ పేరును తరగతిలో ఒక్కసారి పిలిచియుండినచో ఆ లోపము ఒక పూటలో తీరెడిది.

ఇట్టి కారణములు ఇంకను గలవు. ఆన్‌లైన్ కౌన్సెలింగు చివరి విడతలో సీటు వచ్చినవానికి అడ్మిషను నెంబరు చేతికి వచ్చునప్పటికే గడువు సగము కరిగిపోవును. ఆదాయ ధ్రువపత్రమునకై మీసేవలోనో, గ్రామ సచివాలయములోనో అర్జీ పెట్టినవాడు, అది రెవెన్యూ ఉద్యోగుల విచారణ దాటి తహశీల్దారు సంతకమునకు చేరువఱకు దినములు లెక్కపెట్టుకొనుచు తిరుగును. బ్యాంకు ఖాతా ఉండియు దానికి ఆధార్ అనుసంధానము లేక, మంజూరైన సొమ్ము కూడ చేరక నిలిచిపోయినవారును కలరు.

ఇప్పుడు మనస్సునకు కష్టమైన యొక మాట చెప్పక తప్పదు. విద్యార్థికి ఒక గడువున్నట్లే, కళాశాలకును ఒక గడువు కలదు. విద్యార్థి దరఖాస్తు సమర్పించిన పిదప దానిని మీ కళాశాల నోడల్ అధికారి పరిశీలించి ఆమోదింపవలెను. ఆపైని అది రాష్ట్రస్థాయి పరిశీలనకు పోవలెను. మీ లాగిన్‌లో అది ఆమోదము పొందకయే పరిశీలన గడువు దాటెనా, విద్యార్థి సకాలమున చేసిన పనియంతయు నిష్ఫలమగును. నోడల్ అధికారిగా ఉన్న అధ్యాపకునకు తరగతులు, పరీక్షల విధులు, న్యాక్ నివేదికలు ఎన్ని తలపై ఉండునో నేనెఱుగుదును. ఆయన బదిలీయై పోయి, క్రొత్తవారి వ్రేలిముద్రల ధ్రువీకరణము పూర్తికాక లాగిన్ మూతబడియుండు దినములును కలవు. అయినను విద్యార్థి గడువు దాటినప్పుడు శిక్ష విద్యార్థికి పడుచుండగా, కళాశాల గడువు దాటినప్పుడును ఆ శిక్ష విద్యార్థికే పడుచున్నది. కావున ఈ రెండవ గడువు దాటనీయకుండుట మీ విధులలో మొదటి వరుసలో నిలువదగినదని నా నిశ్చితాభిప్రాయము. ఆ అధ్యాపకునకు ఆ పరిశీలన దినములలో ఇతర విధులనుండి విడుదల కల్పించుట మీ చేతిలోని పని.

గడువు దాటినదని వచ్చిన విద్యార్థికి మీరు చెప్పవలసిన రెండవ మాట ఏమిటో ఇక విన్నవించెదను. మొట్టమొదట, గడువు నిజముగా దాటినదా యని విచారింపవలెను. ఈ దరఖాస్తులు తీసికొను నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గడువు తేదీలను పొడిగించుట అనేక సంవత్సరములుగా జరుగుచున్నదే. పొడిగించిన వార్త పల్లెకు చేరునప్పటికి ఆ పొడిగింపును ముగియుచున్నది. విద్యార్థిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆతని వన్ టైమ్ రిజిస్ట్రేషన్ సంఖ్యతో దరఖాస్తు స్థితిని తెరచి చూచినచో, సంగతి అయిదు నిమిషములలో తేలును. దరఖాస్తు అసలు సమర్పింపబడలేదా, సమర్పింపబడి మీ లాగిన్‌లోనే ఆగినదా, లోపముతో త్రిప్పి పంపబడినదా, పైస్థాయిలో ఉన్నదా అను నాలుగు స్థితులకు నాలుగు వేర్వేరు ఉపాయములు కావలెను. మొదటిదానికి తప్ప తక్కిన మూడింటికిని “గడువు అయిపోయింది” అన్నది సమాధానమే కాదు. లోపము సవరించుటకును, కళాశాల పరిశీలనకును, పై పరిశీలనకును వేర్వేరు తేదీలుండును. విద్యార్థి గడువు ముగిసిననాడు అవి ఇంకను మిగిలియుండును.

సమర్పించినను ఎక్కడనో ఆగిపోయినదని తేలినప్పుడు, ఏ తేదీన సమర్పించెనో, ఎచ్చట ఆగెనో తెలుపుచు మీ సంతకముతో ఒక లేఖ రాష్ట్ర నోడల్ అధికారికి పంపి, దాని ప్రతిని విద్యార్థి చేతికిచ్చుట మీరు చేయగల సహాయములలో పెద్దది. వ్రాతమూలకమైన ఆధారము లేక నోటిమాటగా ఎందఱి చుట్టు తిరిగినను ప్రయోజనముండదు. కేంద్రప్రభుత్వపు ఫిర్యాదుల పోర్టల్‌లో ఆ ప్రతిని జతపఱచి ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఆదాయ ధ్రువపత్రము ఆలస్యమైనందున నష్టము కలిగినప్పుడు, సోమవారమునాడు కలెక్టరు కార్యాలయమున జరుగు ప్రజల అర్జీల కార్యక్రమమున దరఖాస్తు ఇయ్యవచ్చును. కారణము తెలియకున్నప్పుడు, 2005 సమాచారహక్కు చట్టము క్రింద పదిరూపాయల రుసుముతో అడిగినచో, ముప్పది దినములలో సమాధానమీయవలసియుండును. వీని వలన పోయిన యేటి సొమ్ము తిరిగి వచ్చునని ఆశ పెట్టరాదు. కాని ఎచ్చట తప్పినదో వ్రాతలో తేలినచో మరుసటి సంవత్సరము అదే కళాశాలలో మఱియొక విద్యార్థికి అట్లు జరుగదు.

దరఖాస్తు అసలు పెట్టకయే గడువు దాటినవారి సంగతి వేఱు. ఈ పథకమున క్రొత్త దరఖాస్తు ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన యేటనే పెట్టవలెను. రెండవ సంవత్సరమున పెట్టుకొందమనుట కుదరదు. ఒక ఏడు చదువు మాని మరల మొదటి సంవత్సరమున చేరి దరఖాస్తు పెట్టుకొందమని కొందఱు తలిదండ్రులు ఆలోచింతురు. విరామమిచ్చి వచ్చినవారికి ఇందులో అర్హత లేదు. ఆ ఆలోచనను మొదటి మాటలోనే ఖండించి, విద్యార్థిని తరగతిలో నిలుపవలెను. పోయినది ఒక వేతనము. దానికై ఒక సంవత్సరమును కూడ పోగొట్టుకొనరాదు.

అయితే ఆతనికి మిగిలినవి ఏవి? పెక్కుమందికి తెలియని ముఖ్యాంశమొకటి ఇందు గలదు. కేంద్రప్రభుత్వపు ఈ మెరిట్ వేతనము తీసికొనువారు రాష్ట్రప్రభుత్వపు వేతనమునుగాని ఫీజు రీయింబర్సుమెంటునుగాని పొందరాదని నియమము. అనగా, ఈ గడువు దాటినవానికి తెలంగాణమున ఈపాస్ ద్వారమును, ఆంధ్రప్రదేశమున జ్ఞానభూమి ద్వారమును మూయబడలేదు. అర్హతయున్నచో వెంటనే అటు పోవలెను. ఫీజు ఎక్కువగానున్న కోర్సులలో చేరినవారికి రీయింబర్సుమెంటే ఎక్కువ మేలు చేయుటయు కలదు. ఫీజు నామమాత్రమైన ప్రభుత్వ కళాశాలలో మెరిట్ వేతనమే ఎక్కువ. ఈ లెక్కను ప్రతి విద్యార్థి విషయమున వేసి చెప్పగలవారు మీ కార్యాలయమున ఒక్కరైనను ఉండవలెను. దళిత విద్యార్థులకు 1944 నుండియు పోస్ట్‌మెట్రిక్ వేతనములు ఈ దేశమున ఉన్నవి. వాని తేదీలు వేఱు, వాని నియమములు వేఱు. ఒక గడువు దాటినదన్న దుఃఖములో రెండవ గడువును కూడ దాటనిచ్చుకొన్న పిల్లలను నేనెఱుగుదును. అది మొదటిదానికంటె పెద్ద నష్టము.

మౌలిక విజ్ఞానశాస్త్రములలో బీయస్సీ చేరి, బోర్డు పరీక్షలో మొదటి నూటికొక్కరిలో నిలిచినవారికి కేంద్ర విజ్ఞాన సాంకేతికశాఖవారి ఇన్‌స్పైర్ వేతనము ఏటికి 80,000 రూపాయలది వేఱుగా ఉన్నది. ఏఐసీటీఈ గుర్తింపుగల కళాశాలలలో సాంకేతికవిద్యలో చేరిన బాలికలకు ప్రగతి వేతనము ఏటికి 50,000 రూపాయలది కలదు; కుటుంబమున ఇద్దఱు బాలికల వఱకు దీనిని పొందవచ్చును, ఆదాయపరిమితి ఎనిమిది లక్షలు. ఇవిగాక కంపెనీల ధర్మనిధులు, కులసంఘముల విద్యానిధులు, ఆయా ఊళ్లనుండి విదేశములకు పోయి స్థిరపడినవారి ట్రస్టులు చలికాలమునందును దరఖాస్తులు తీసికొనుచుండును. వీనిలో చాలభాగము ప్రిన్సిపాలుగారి సిఫారసు లేఖను కోరును. ఆ లేఖ ఇచ్చుటకు జాప్యము చేయవలదని నా ప్రార్థన.

అప్పును గూర్చి ఒక మాట. వృత్తివిద్యలలో చేరి పెద్దమొత్తము కావలసినవారికి బ్యాంకు విద్యాఋణములు ఉన్నవి. ఆదాయము నాలుగున్నర లక్షల లోపున్నవారికి చదువుకాలపు వడ్డీని ప్రభుత్వము భరించు సౌకర్యము కొన్ని కోర్సులకు కలదు. 2024 నవంబరులో ఆమోదింపబడిన పీఎం విద్యాలక్ష్మి పథకము ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో చేరినవారికి పూచీకత్తు లేని ఋణమిచ్చును. కాని సాధారణ డిగ్రీ చదువుకొను విద్యార్థి, పోయిన పండ్రెండువేలకై వారపు వాయిదాల అప్పు తెచ్చుట నేను సమ్మతింపను. అంతకంటె కళాశాల ఫీజును మూడు నాలుగు వాయిదాలలో కట్టుటకు మీరు అనుమతించుట మేలు. గడువు దాటినను “లోపలినుండి అప్‌లోడు చేయింతుము” అని చెప్పి సొమ్మును ఓటీపీని అడుగు దళారులు ఈ దినములలోనే కళాశాలల గేటుల యొద్ద తిరుగుదురు. అట్టివారిని నమ్మవలదని నోటీసు పెట్టుడు. ఓటీపీ చెప్పిన తండ్రి ఖాతాలో ఉన్న కొద్దిపాటి కూలిసొమ్మును పోగొట్టుకొనును.

మన దేశమున చదువునకు సాయము చేయుట ప్రభుత్వముతో ఆరంభమైనది కాదు. వారములు చేసికొని చదువుకొన్న పిల్లలకు ఒక్కొక్క ఇంట ఒక్కొక్క దినము అన్నము పెట్టిన గృహిణులు మన ఊళ్లలో ఉండిరి. ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి కుమారుని చదివించిన సుబ్బమ్మగారి కష్టమువలననే టంగుటూరి ప్రకాశం పంతులుగారు మనకు లభించిరి. మీ పీఠమునే అలంకరించిన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారిని స్మరింపకుండలేను. సికింద్రాబాదున మహబూబ్ కళాశాలలోను, పిదప 1919 వఱకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలోను ప్రిన్సిపాలుగా ఉండి, బీదవిద్యార్థుల ఫీజులు తన జీతమునుండి చెల్లించి, అంటరానివారని ఊరు వెలిపెట్టిన బాలురకు వసతి కల్పించిన మహనీయుడాయన. ఆ కాలమున గడువు దాటిన విద్యార్థి ఆయన గదిలోనికి పోయినచో, నిబంధన ఏమని చెప్పుచున్నదో వినుటకుగాక, తాను ఏమి చేయవలెనో తెలిసికొనుటకు పోయెడివాడు. మీరు మీ జీతములు ధారపోయవలెనని నేను కోరుట లేదు. పూర్వవిద్యార్థుల సంఘము ఉన్న ప్రతి కళాశాలయందును, పొరపాటున వేతనము తప్పిన ప్రతిభావంతులకు ఆ యేటికి పరీక్షరుసుమును బస్సుపాసును భరించునంతటి చిన్న నిధి యొకటి స్థాపింపబడవలెనని కోరుచున్నాను. స్వర్ణోత్సవములకు తోరణములు కట్టు సంఘములకు ఇది భారము కాదు.

ఢిల్లీవారికి నా విన్నపము చిన్నది. పదునెనిమిదేండ్ల ప్రతిభావంతునకు జీవితమున ఒక్కసారి మాత్రమే తెఱచు ద్వారము ఏదియు న్యాయమైనది కాదు. ఒక రాష్ట్రమునకు కేటాయించిన వేతనములలో ఆ యేడు మిగిలిపోయినవి ఉన్నచో, మరుసటి సంవత్సరము అదే బ్యాచిలోని అర్హులకు, వారి మొదటి సంవత్సరపు మార్కులను చూచి, రెండవ అవకాశముగా ఇయ్యవలెను. దరఖాస్తు త్రిప్పి పంపినప్పుడు వచ్చు ఎస్సెమ్మెస్సు విద్యార్థి మాతృభాషలో రావలెను. తండ్రి ఫోనునకేగాక కళాశాలకును అదే దినమున చేరవలెను.

ఇవి వారి నిర్ణయమునకై వేచియుండవలసినవి. మీ చేతిలోని పనికి ఎవరి ఉత్తరువును అక్కఱలేదు. అయ్యా, అమ్మా, ఈ వారములోనే ఒక సాయంకాలము నోడల్ అధికారిని పిలిపించి లాగిన్ తెఱపించి, మీ ఆమోదము కొఱకు ఆగియున్న దరఖాస్తులు ఎన్నియో, లోపముతో త్రిప్పి పంపబడినవి ఎన్నియో స్వయముగా చూడుడు. ఆ పేర్లను మరునాటి మొదటి పీరియడులోనే తరగతులలో చదివింపుడు. అప్పటికే దాటిపోయినవారిని ఒక్కొక్కరినిగా మీ గదికి పిలిచి, కూర్చుండుమని చెప్పి, వారికి ఇంకను తెఱచియున్న ద్వారములేవో ఒక కాగితముపై తెలుగులో వ్రాసి చేతికిండు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంతాధ్యాపకుడు